పిడికెడు కొర్రలు

మూడో ఇంటి ముంతను సంచిలోకి వంచి, దీనమ్మ అడుగున వేలు పెట్టి తడిమి చూసింది. కొర్రలు నిండుగానే వచ్చాయి. అంటే ఈ ఇంట్లో వారమంతా పొయ్యి వెలిగింది. వండే ప్రతిసారీ దేవుని పేర ఒక పిడికెడు తీసి ముంతలో వేయడం కమలాపురం చుట్టుపక్కల చర్చి ఆడవాళ్ల అలవాటు. శనివారం శనివారం ఆ గింజలు పోగుచేసుకుని రావడం దీనమ్మ పని. ఆమెకు అరవై దాటాయి. ఇసుకలో నడిచి నడిచి అరికాళ్లు బీటలు వారాయి. ఈ రోజు ఎందుకో ఎడమ భుజం లాగుతుంటే సంచిని కుడివైపుకు మార్చుకుంది.

నాలుగో ఇల్లు గిడ్డమ్మది. ముంత ఖాళీ. పోయిన వారమూ ఖాళీయే. అమ్మవారు పోసి బిడ్డ చనిపోయి రెండు నెలలు. పెనిమిటి బండల గని దగ్గరే తిని పడుకుంటున్నాడు. గిడ్డమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొయ్యిలోని బూడిదలో పిల్లి పడుకుని లేచిన గుంట కనిపించింది.

"ఏమ్మే, పొయ్యి ముట్టిచ్చి ఎన్ని దినాలైంది?"

"ఆకలి లేదు పెద్దమ్మా."

"నీకు లేకుంటే పాయె. నాకుండాది. పొద్దున్నుంచి తిరగతాండా."

"ఆ దేవున్నే అడుక్కోపో."

"అడిగినా. ఆయప్ప నీ ఇంటికే పొమ్మన్యాడు."

గిడ్డమ్మకు నవ్వు రాలేదు. కానీ ఇటు తిరిగింది.

"ప్రార్థన చేయనీకి నోరు రాలేదు పెద్దమ్మా. బాయిలోకి చూస్తే రమ్మని పిలిచినట్టుండాది."

దీనమ్మ ఉలిక్కిపడలేదు. ముప్పై ఏళ్ల కిందట కలరాలో మొగుణ్ణి, ఇద్దరు కొడుకులను ఒకే వారంలో మట్టి చేసి, తానూ ఇలాగే గోడను చూస్తూ పడుకుంది. అప్పుడు చర్చి నుంచి వచ్చిన రాహేలమ్మ వాక్యమేమీ చెప్పలేదు. పక్కన కూర్చుని రోజూ కొర్రల్లో రాళ్లు ఏరింది. చివరికి ఒక ముంత ఇచ్చి పిడికెడు అడిగింది. ఆ పిడికెడు కోసం దీనమ్మ పొయ్యి వెలిగించింది. వెలిగించింది గనుక తిన్నది. అక్షరాలు, ప్రార్థన ఆ తర్వాత ఎప్పుడో వచ్చాయి.

"నీ బదులు నేను చేస్తాలే ప్రార్థన. నువ్వు ఎసరు పెట్టినప్పుడంతా పిడికెడు ముంతలో ఎయ్, చాలు. వచ్చే శనివారం మళ్లా వస్తా. ఖాళీగా ఉంటే చూడు, ఈడనే కూచుంటా, కదల్ను."

గిడ్డమ్మ లేచింది. దీనమ్మ కందికట్టె విరిచి అందించింది. పొగకు ఇద్దరి కళ్లూ కారాయి. గిడ్డమ్మవి పొగ పోయినా ఆగలేదు. దీనమ్మ ఆమె వీపు మీద చేయి వేసి, పక్కింటాయనతో మాట్లాడినట్లు ప్రభువుతో నాలుగు మాటలు మాట్లాడింది. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

ఆదివారం గంట కొట్టినా దీనమ్మ చర్చికి రాలేదు. చాప మీద పక్కకు తిరిగి, నిద్రలోనే పోయింది.

సోమవారం కబురు తెలిసేసరికి గిడ్డమ్మ ఇంట్లో ఎసరు కాగుతోంది. ఆమె పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయింది. ఎసరు ఇగిరిపోయాక మళ్లీ నీళ్లు పోసింది. పిడికెడు తీసి ముంతలో వేసింది.

శనివారం నాలుగు మైళ్లు నడిచి దీనమ్మ ఇంటికి వచ్చింది.

"నువ్వు రాకుంటివి. నేనే తెచ్చినా పెద్దమ్మా" అంది.

ఆమె వెళ్లిపోయాక, గొళ్లెం పెట్టిన తలుపు ముందు, నాపబండ మెట్టు మీద, అంచుదాకా కొర్రలతో ముంత మిగిలింది.