అచ్చుకెక్కని నాలుగు పేజీలు

నా మొదటి నవల ముగింపు మీద పరిశోధనలు జరిగాయి. భర్తను వదిలి వచ్చిన స్త్రీ పెట్టె పక్కన పెట్టుకుని బస్టాండులో నిలబడి ఉంటుంది. అక్కడితో నవల ఆగిపోతుంది. ఆ మౌనం ఎంతో లోతైనదని ఒక ప్రొఫెసరుగారు రాశారు. మౌనమూ లేదు, మన్నూ లేదు. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. నాది నాలుగు పేజీలు ఎక్కువైంది; వాటి కోసం ఇంకో ఫారం ఖర్చు పెట్టాలి. "చివరివి తీసేద్దామా?" అని ప్రచురణకర్త అడిగితే, ఎక్కడ పుస్తకం ఆగిపోతుందోనని తల ఊపాను.

ఆ నాలుగు పేజీల్లో తమ్ముడు బస్టాండుకు వచ్చి ఆమెను ఇంటికి తీసుకెళ్తాడు.

ఆమె మా అక్క. రాతప్రతి మొదట చదివింది తనే. అచ్చయ్యాక చివరి పేజీ తిరగేసి, "నన్ను అక్కడే వదిలేశావేంట్రా" అంది. రెండో ముద్రణలో కలుపుతానన్నాను. ఈలోగా, ఆ ముగింపునే మెచ్చుకుని బహుమతి ఇచ్చారు. కూర్చున్న కొమ్మను ఎవరు నరుక్కుంటారు? తర్వాతి ఆరు నవలలనూ అలాగే సగంలో తెంపాను. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నేను నన్ను చూసే పెట్టుకున్నాను. ఒక్కటీ నిలవలేదు.

ప్రతి ముద్రణకూ అక్క అడిగేది: "ఈసారైనా నన్ను ఇంటికి చేర్చావా?" నవ్వి తప్పించుకునేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పన్నెండో ముద్రణలో ఆ పేజీలు కలపడానికి ప్రచురణకర్త కొడుకు సరేనన్నాడు. పాత కాగితాలు ఎప్పుడో పోయాయి. మళ్ళీ రాద్దామని అక్క కుట్టుషాపుకు వెళ్ళాను. చొక్కాకు కాజాలు కుడుతోంది.

"ఆ రోజు నేను బస్టాండుకు రాగానే నువ్వు మొదట ఏమన్నావక్కా? సరిగ్గా గుర్తు రావట్లేదు."

అక్క సూది ఆపింది.

"నువ్వు రాలేదు కదరా."

నవ్వబోయాను. తను నవ్వలేదు.

"చీకటి పడేదాకా చూసి, నేనే పెట్టె మోసుకుంటూ నడిచొచ్చాను. చాలా ఏళ్ళు నీ మీద కోపం ఉండేది. నువ్వొచ్చి నా చేతిలో పెట్టె అందుకున్నట్టు రాశావు చూడు, అది చదివాక పోయింది. రానందుకు వీడూ బాధపడ్డాడులే అనుకున్నా. తీరా పుస్తకంలో అదీ లేకపోయె."

"ఇప్పుడు రాస్తానక్కా."

"ఇప్పుడెందుకులే. నీకే గుర్తు లేదు."

దారం పంటితో తెంపి ఇంకో కాజా మొదలుపెట్టింది.

తనకు చెప్పలేదు గానీ, అప్పటికి గుర్తొచ్చింది. వస్తున్నానని, బస్టాండుకు రమ్మని తను రాసిన ఉత్తరం ముందురోజే అందింది. ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. రాస్తున్న కథ మంచి పట్టులో ఉంది, మధ్యలో లేవబుద్ధి కాలేదు.