మూతి మీద ప్రెసిడెంటు సారు

మా జనార్దన్ సారుకు ఒక రోగమున్నది. కరోనా గాదు, అంతకుముందటిదే. ఆయన ఫోటో లేని గుడ్డముక్క ఆయన కంటికి ఆనదు. సౌదీల, ఈ జిద్దాల మా తెలుగు సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. ఉగాది పండుగకని ఇండియా నుంచి తెల్ల కండువాలు అచ్చేయించి తెప్పించిండు, రెండు కొసలకు రెండు మొహాలు, మీసాలతోటి. ఇగ కర్ఫ్యూ వడె, పండుగ బందాయె, కండువాల మూటలు ఆయన ఇంట్లనే మూలకు వడె.

గప్పుడే మా రాజేశమన్న ఫోన్ చేసిండు. ఊరవతల లేబర్ క్యాంపుల ఉంటడు, సిమెంటు పని.

"సరళా, షుగర్ సూది మందు అయిపోవచ్చిందే. దవాఖానకు పోదామంటే మాస్కు లేనోన్ని క్యాంపు గేటు దాటనిస్తలేరు. క్యాంపుల ఎవ్వని దగ్గర లేదు."

అన్న ఎన్నడు నన్ను ఏదీ అడిగినోడు గాదు. నా పానం గుంజింది.

మా షరఫియా బజార్ల దుకాణాలన్నీ మూతవడ్డయి. నేను జాకిట్లు కుట్టేదాన్ని. ఒక్క మాస్కే అయితే నా చీర చింపి కుడుదును. కని క్యాంపు మొత్తానికి కావాలె, పైగా కర్ఫ్యూల అంత దూరం పోనిచ్చే తస్రీహ్ కాయితం మా బిల్డింగుల సారు కారుకొక్కదానికే ఉన్నది. ఏం జేస్త, పైఅంతస్తుకు పోయి సారును బతిలాడిన.

"వై నాట్ అమ్మా! కండువాలు తీసుకోండి, సేవ చేద్దాం. ఒకటే కండిషన్. ప్రతి మాస్కుకూ నా ఫేస్ సెంటర్‌లో రావాలి."

"సార్, గట్లయితే కండువకు రెండే ఎల్తయి, మిగిలిన గుడ్డంత ఆగమైతది."

"క్వాంటిటీ కాదమ్మా, ఐడెంటిటీ ముఖ్యం."

సరేనని పెద్ద మనిషి మొహం పైపొర, తెల్లగుడ్డ లోపొర ఏసి కుట్టుడు మొదలువెట్టినం. సారు భార్య శ్రీలత వదిన కూడ కత్తెర వట్టుకొని మా ఇంటికొచ్చింది. "ఇంట్ల నేను చూసుడు చాలదని ఊరందరి మూతికి కట్టిస్తున్నడు" అని గొణుక్కుంట సారు మెడకాడ కచ్చకచ్చ కత్తిరించింది. నవ్వలేక సచ్చిన.

మాస్కులన్నీ తయారైనయి. సారు డబ్బాలకెత్తి, రిబ్బన్ కట్టి, కారుల వెట్టి తాళమేసిండు.

"శుక్రవారం ముఖ్య అతిథి గారు ఆన్‌లైన్‌లో ఆవిష్కరిస్తారు."

"సార్, మా అన్నకు మందు రేపటికి ఒడుస్తది. ఇయ్యాల పంచుండ్రి, ఆవిష్కరణ తర్వాత జేసుకోండ్రి."

"ప్రోటోకాల్ ఉంటుంది కదమ్మా."

మూతిగుడ్డకు ఏం ప్రోటోకాలయ్యా, నీ నోట్ల మన్నువడ! పైకి అనలే. కిందికొచ్చి, మంచినీళ్లు తాగి, ఫోన్ చేసిన.

"సార్, ఓబులయ్య గారి సంఘమోళ్లు మాస్కులు వట్టుకొని క్యాంపుకు ఎల్లిన్రట."

ఓబులయ్య అంటే రెండో తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. పాపం ఆయన ఇంట్ల పండుకొని ఉంటడు. మా సారు మాత్రం ఉరికిండు. ముఖ్య అతిథీ లేడు, ప్రోటోకాలూ లేదు, ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు.

క్యాంపు కాడికి పోంగనే ఫేస్‌బుక్‌ల లైవ్ వెట్టిండు. నేనూ వదినా ఒక్క ఫోన్ల చూస్తున్నం. దవాఖానకు పోయే వ్యాను బయట నిలవడ్డది. గేటు లోపల మనుషులంత లైన్ల ఉన్నరు, అందరి మొహాల మీద ఒక్కటే మీసం. ముందు మా అన్న. గేటు కాడి పాకిస్తాన్ సెక్యూరిటీవాడు మా అన్న ఇఖామా కార్డు మీది ఫోటో చూసిండు, మూతి చూసిండు, మళ్ల కార్డు చూసిండు.

"కార్డ్ మే తూ హై. యే మూఛ్ వాలా కౌన్ హై?"

సారు ఉరుక్కుంట ముందుకొచ్చి, "మై హూఁ! మై ప్రెసిడెంట్!" అని ఎద గుద్దుకున్నడు.

"తో ఆప్ అస్పతాల్ జావో. యే యహీఁ రహేగా."

అంటే సారే దవాఖానకు పోవాల్నట, అన్న ఈడనే ఉండాల్నట. అటు వ్యానోడు హారన్ మీద హారన్ కొడుతున్నడు. ఓరి దేవుడా, పున్నానికి మాస్కు దొరికితే దానిమీది మొహమే అన్నకు అడ్డమాయె!

అన్న అటు దిరిగి మాస్కు విప్పిండు, తిరగేసిండు, కట్టుకున్నడు. మీసాలు లోపటికి వాయె, తెల్లగుడ్డ పైకి వచ్చె. సెక్యూరిటీ కండ్లు చూసి, కార్డు చూసి, "యల్లా" అని వ్యాను దిక్కు చెయ్యి చూపిండు. అది చూసి లైన్ల ఉన్నోళ్లందరు ఒక్కపారే తిరగేసుకున్నరు.

"రాజేశం! ఫేస్ లోపలికి పోయిందయ్యా! లైవ్ నడుస్తుంది!" సారు వ్యాను ఎంబడి వడ్డడు.

అన్న కిటికిలకెల్లి మెల్లగ చెప్పిండు, "బయట దుమ్మున్నది సార్. మీ మొహం ఖరాబైతది. లోపట పదిలంగ ఉంటది."

వదిన ఫోనుకు దండం వెట్టింది.

పొద్దుమూకంగ అన్న ఫోన్ చేసిండు. "సూది మందు దొరికిందే సరళా. సిమెంటు దగ్గాయె, పోంగ రాంగ దారంత ఖల్లుఖల్లున దగ్గుతనే ఉన్న. మూతి మీది సారు ఒక్క మాటన్న అనలే."