ఫారంలో ఒంటిగంటన్నర

పంకజాక్షికి రాహుకాలాలన్నీ నోటికొచ్చు. బీఎస్సీలో చదివిన మూలకాల పట్టిక ఏనాడో మరిచిపోయింది గానీ ఇవి మాత్రం మరవలేదు. సోమవారం ఏడున్నర, శనివారం తొమ్మిది, గురువారం ఒంటిగంటన్నర. కొత్త మిక్సీ తిప్పాలన్నా, మొగుడు ధనశేఖర్ ఊరికి బయల్దేరాలన్నా ఆమె గడియారం చూసి తల ఊపాల్సిందే. ఎవరైనా అడిగితే, "నాకు నమ్మకమేం లేదబ్బా, ఉత్తపుణ్యానికి కీడు ఎందుకు తెచ్చుకోవాల?" అంటుంది.

ఆడబిడ్డ కోమలికి రొమ్ములో గడ్డ తీసింది చిత్తూరులో, ఒక గురువారం నాడు. ఆపరేషన్ గది తలుపు సందులోంచి నర్సు ఒక ప్లాస్టిక్ డబ్బా అందించింది.

"గడ్డ ఇందులో ఉండాది. ఎదురుగా మందుల షాపులో, ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ కొని, అది మునిగేదాకా పొయ్యండి. ఇప్పుడే పొయ్యాల. రేపు తిరుపతి ల్యాబుకు తీసకపోండి. ఈ ఫారం మీరే నింపండమ్మా, చదువుకున్నోళ్లు కదా."

గోడమీద ఒకటీ ఇరవై ఐదు. రోడ్డు దాటేసరికి రాహుకాలం పట్టేస్తుంది. కోమలి ప్రాణం సంగతి, చెడ్డ ఘడియలో సీసా మూత తీసేదెట్లా? డబ్బాను వైరు బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, వరండా బెంచీ మీద కూర్చుంది. మే నెల ఎండ వరండాలోకి కూడా వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. సరిగ్గా మూడింటికి లేచి రోడ్డు దాటితే షాపుకు తాళం. భోజనానికి పోయినాడంట. అతను తిరిగొచ్చి, ఆమె ఫార్మలిన్ పోసేసరికి నాలుగూ పది.

ఫారంలో రెండు గళ్లున్నాయి. ముక్క తీసిన సమయం దగ్గర 1.20 అని రాసింది. ఫార్మలిన్‌లో వేసిన సమయం దగ్గర పెన్ను ఆగింది. నర్సు 'ఇప్పుడే' అన్న మాట గుర్తొచ్చింది. చదువుకున్న మనిషి ఇంత ఆలస్యం చేసిందా అని తిరుపతిలో ఎవరో ముఖం తెలియనివాళ్లు అనుకోవడం ఎందుకని, ముత్యాల్లాంటి అంకెలతో 1.30 అని రాసింది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. హార్మోను రిసెప్టర్లు నెగటివ్. అంటే ఈ గడ్డ ఆడ హార్మోనును తాగి పెరిగే రకం కాదు, దాన్ని అడ్డుకునే మాత్ర దీనికి పనిచేయదు అని చెప్పి డాక్టరు కీమో ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. రెండోదానికే జడ ఊడి చేతికొచ్చింది.

"మేలే వదినా, పేల బాధ తప్పె," అంది కోమలి. పంకజాక్షికి నవ్వు రాలేదు.

మూడోదానికి ముందు తిరుపతిలో ఇంకో డాక్టరుకు చూపించుకున్నారు. ముక్కను పరీక్షించిన ల్యాబులోనే స్లైడ్లు మళ్లీ చూపించమన్నాడు ఆయన. కోమలిని బయట కూర్చోబెట్టి లోపలికి పోతే, పంకజాక్షి కంట మొదట పడింది ప్రెషర్ కుక్కరు.

"ఈడ కూడా వంటేనా డాక్టరమ్మా?"

"ముక్కను పల్చగా కోసి, గాజు పలకకు అంటించి దాంట్లో ఉడికిస్తాం. అప్పుడే రంగు పట్టేది," అంది ల్యాబు డాక్టరు ప్రశాంతి.

"ఎన్ని విజిళ్లు?"

ప్రశాంతి నవ్వి ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. "రిసెప్టర్లు ఉంటే గోధుమ రంగు, లేకుంటే నీలం. గడ్డంతా నీలమే, చూసినారా? ఇంక ఈ అంచుకు రండి. ఇవి గడ్డ కాదు, మామూలు పాలనాళాలు. ఎవరికైనా వీటిలో కొన్నన్నా గోధుమ రంగు తేలాల. ఇవీ నీలమే. ఫార్మలిన్ పడకుండా గంటలకొద్దీ ఉండిపోయిన ముక్క ఇట్లా అవుతుంది. ఆ తర్వాత ఎంత ఉడికించినా లాభం లేదు. అప్పుడే మాకు అనుమానం రావాల్సింది. ఫారం చూసి నమ్మినాం." ఆమె కాగితం తిప్పింది. "పది నిమిషాల్లో వేసినట్టు ఉండాది. నిజమేనా అమ్మా?"

అద్దం తలుపు అవతల కోమలి తలకు చీర కొంగు సర్దుకుంటోంది. నిజమేనని ఒక్క మాట అంటే ఇక్కడితో సరి. వదిన పరువు దక్కుతుంది, కోమలికి మాత్ర దక్కదు.

"నాలుగూ పది," అంది పంకజాక్షి. "రాహుకాలమని కూర్చుంటి."

ప్రశాంతి తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఆ ముత్యాల్లాంటి అంకెలను కొట్టేసి, పక్కన 4.10 అని వేసింది. "ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన చిన్న ముక్క మా దగ్గరే ఉండాది. అది వెంటనే ఫార్మలిన్‌లో పడింది. దాని మీద మళ్లీ చేస్తాం."

వారానికి ఫలితం వచ్చింది. సూది ముక్కకు గోధుమ రంగు పట్టింది. పాలనాళాలకూ, గడ్డకూ కూడా. తిరుపతి డాక్టరు ఇంజెక్షన్లు అంతటితో ఆపి మాత్ర రాశాడు. "ముందే తెలిసుంటే అవి అవసరం లేకపోయేదేమో. ఇప్పుడు చెప్పలేం," అన్నాడు. ఆ 'ఏమో'ను పంకజాక్షి చిత్తూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పూతలపట్టు దగ్గర కోమలి నిద్రలో ఆమె భుజం మీదికి వాలింది. కొంగు జారి, నున్నటి తల చెంపకు తగిలింది.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక కోమలి మొదటి మాత్రను అరచేతిలో పెట్టుకుని వదిన వైపు చూసింది.

"మంచి టైమేనా? ఐదేండ్లు మింగాల్సింది. నువ్వు చెప్తేనే మింగుతా."

ఆ రోజూ గురువారమే. గడియారంలో ఒకటీ నలభై.

"మింగు."

"రాహుకాలం కదా వదినా!"

"మింగు కోమలీ. నువ్వు మింగినాక నీకొక మాట చెప్పాల."

కోమలి మింగింది. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "చెప్పు," అంది.