ప్రార్థన చీటీ

"క్రిస్టీ, నా బీపీ మాత్రలెక్కడ?"

బెడ్‌రూంలోంచి స్టీఫెన్ కేక. వంటింట్లో క్రిస్టినా ఒక చేత్తో స్టవ్ కట్టేసి, ఇంకో చేత్తో అత్తగారికి కాఫీ కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "మంచం పక్క సొరుగులో, కళ్లజోడు పెట్టె కింద."

ఆరేళ్లుగా ఆ మాత్రలు అక్కడే ఉంటున్నాయి. ఆరేళ్లుగా అతను అడుగుతూనే ఉన్నాడు. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ మతిమరుపు అనరు. కాఫీలో పంచదార మర్చిపోతే మాత్రం అత్తగారు ఆదెమ్మ నిట్టూరుస్తుంది. "చదువైతే చదివింది గానీ, బుర్ర ఇంట్లో ఉండదు ఈ పిల్లకి."

ఆ ఆదివారం పంచదార మర్చిపోలేదు. చర్చికి కూడా టైముకే చేరారు. కొంప మునిగేది ఇలా అన్నీ సవ్యంగా ఉన్న రోజునే.

ప్రసంగం అయ్యాక పాస్టరు లాజరు అయ్యగారు చీటీల డబ్బా తెరిచారు. ఆ సంఘంలో అది అలవాటు. ప్రార్థన కావలసినవాళ్లు చీటీ రాసి గుమ్మం దగ్గర డబ్బాలో వేస్తారు. అయ్యగారు పైకి చదువుతారు. అందరూ ఆమెన్ అంటారు. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరి అల్లుడికి తాగుడు. నాలుగో చీటీ విప్పారు.

"నా కోడలు క్రిస్టినా మనసు సరిగా లేక మెంటల్ డాక్టర్ దగ్గర మందులు వాడుచున్నది. ప్రభువు ఆమెను ముట్టి స్వస్థపరచునట్లు ప్రార్థించండి. ఇట్లు, ఆదెమ్మ."

రెండొందల గొంతులు ఆమెన్ అన్నాయి. ఆడవాళ్ల వైపు, కొంగులు కప్పుకున్న తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. మగవాళ్ల వైపు మూడో వరసలో జాన్ పాల్, ఆమె ఆఫీసులోనే పనిచేసేవాడు, మెడ తిప్పి చూసి గబుక్కున తల దించుకున్నాడు. పక్కనే ఆదెమ్మ కళ్లు మూసుకుని, చెంపల మీద కన్నీళ్లు కారుతుండగా కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అదే అసలు దెబ్బ. పగతో చేస్తే తిట్టుకోవచ్చు. ఆవిడ ప్రేమతో చేసింది.

మెంటల్ డాక్టరంటే శాలిని. ఉద్యోగాలు చేసేవాళ్లని శనివారాల్లో చూస్తుంది. మూడు నెలల కిందట ఆవిడ క్రిస్టినాతో, "మీది సోమరితనం కాదండీ, పొగరూ కాదు. ఏడీహెచ్‌డీ అంటాం, ధ్యాస ఒకచోట నిలవకపోవడం. మీ మెదడు నడిచే తీరే వేరు," అని చెప్పినప్పుడు క్రిస్టినా కిందికి దిగి, స్కూటీ మీద కూర్చుని, హెల్మెట్ తీయకుండానే ఏడ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు! చల్లపల్లి స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు మీద 'తెలివి ఉంది, శ్రద్ధ లేదు' అని రాసిన టీచరు దగ్గర్నుంచి, వానాకాలానికి మూడు గొడుగులు పారేసినందుకు వీపు విమానం మోత మోగించిన నాన్న దగ్గర్నుంచి, అందరూ ఒకే మాట. కావాలని చేస్తావు. ఆమె కూడా నమ్మింది. నమ్మి, మర్చిపోతానేమోనన్న భయంతో తెల్లారుజామున నాలుగింటికే లేచి, అరచేతుల మీద పెన్నుతో రాసుకుని, ఎవరూ అడగకముందే క్షమించమని అడుగుతూ బతికింది. అలాంటి ఆమే డ్రాయింగ్ ముందు కూర్చుంటే ప్రపంచాన్ని మర్చిపోతుంది. స్లాబులో, బీములో తప్పు ఎక్కడ దాక్కున్నా ఆ కళ్లు పట్టేస్తాయి. ఒకే మెదడు చేసే రెండు పనులివి అని ఆమెకి చెప్పిన మొదటి మనిషి శాలిని.

ఆవిడే ఒక ఫారం ఇచ్చింది. "ఇంట్లో మీరెలా కనిపిస్తారో తెలియాలి. మీ ఆయన్ని నింపమనండి." స్టీఫెన్ పది నిమిషాల్లో నింపాడు. తిరిగివ్వడం మర్చిపోయాడు. మూడుసార్లు గుర్తుచేసింది. అది రెండు వారాలు టీవీ కింద పడి ఉంది. ఆదెమ్మ దుమ్ము దులుపుతూ, పైన డాక్టరు పేరుతో, వాడే మందులతో సహా చదివింది.

"అమ్మ మంచికే కదా చేసింది?" అన్నాడు స్టీఫెన్ ఇంటికొచ్చాక, చొక్కా విప్పి మంచం మీద పడేస్తూ. "అసలు నువ్వెళ్లకపోతే ఈ గోలే లేదు. వచ్చే శనివారం నుంచి మానెయ్."

"మందు వాడాకే కదండీ నేను కాస్త నిలబడ్డాను."

"జనానికి అదంతా తెలుస్తుందా? స్టీఫెన్ పెళ్లాం మెంటల్ అంటారు. నేను పనిచేసే కాలేజీలో తలెత్తుకుని తిరగొద్దా?"

చొక్కా తీసి ఆమే హ్యాంగర్‌కి తగిలించింది.

సోమవారం గవర్నర్‌పేట. బట్టల హోల్‌సేల్ షాపు పైన, మూడో అంతస్తులో వాళ్ల ఆఫీసు. అపార్టుమెంట్లకి స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తారు. తొమ్మిదేళ్లుగా డిజైన్ ఆమెది, సంతకం యజమాని వెంకటసుబ్బారావుది. వచ్చే నెల నుంచి సంతకం కూడా నీదేనమ్మా అని ఆయన మాటిచ్చి పదిహేను రోజులైంది.

"కూర్చోమ్మా. ఆరోగ్యం ఎలా ఉంది?"

ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైపోయింది.

"బానే ఉందండీ. నా పనిలో ఏమైనా తప్పొచ్చిందా?"

"అబ్బే, నీ పనికి వంక పెట్టేదెవరమ్మా! కానీ రేపు క్లయింటుకి తెలిసిందనుకో, మా అయిదంతస్తులకి మెంటల్ మనిషి సంతకమా అంటాడు. కొన్నాళ్లు జాన్ పాల్ పెడతాడులే. చెక్ చేసేది మాత్రం నువ్వే. నీ కన్ను పడకపోతే నాకు నిద్రపట్టదు."

మధ్యాహ్నం జాన్ పాల్ కానూరు బిల్డింగు డ్రాయింగు తెచ్చాడు. ఆమె కంటే నాలుగేళ్లు జూనియర్. "అక్కా, నీ కోసం ఉపవాసం ఉంటున్నామక్కా మా ఇంట్లో. టెన్షన్ పడకు. ఇది ఒక్కసారి చూసిపెట్టవా?"

చూసింది. స్తంభం, బీము కలిసేచోట నాలుగంగుళాలకి ఒక ఇనప రింగు ఉండాలి, లేకపోతే ఆ అతుకు బలం చాలదు. వాడు ఎనిమిదికి వేశాడు. వదిలేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఇంట్లో ఎవరో కాపురం ఉంటారు. పెన్సిల్‌తో దిద్దింది. సాయంత్రానికి రింగులు ఆమె దిద్దినట్టే మారి, పెన్సిల్ గీతలు చెరిగిపోయి, కింద ఇంకుతో జాన్ పాల్ సంతకం పడింది.

శనివారం స్టీఫెన్‌కి చెప్పకుండానే శాలిని దగ్గరికి వెళ్లింది. తన వంతు కోసం కూర్చుని, టీవీ కింద నుంచి తెచ్చుకున్న ఆ ఫారం బ్యాగులోంచి తీసి మొదటిసారి చదివింది. 'ఆమె మర్చిపోయే పనులకు ఉదాహరణలు రాయండి' అన్నచోట స్టీఫెన్ గుండ్రటి అక్షరాలు. నా టిఫిన్ బాక్సులో చెంచా పెట్టదు. అమ్మ కంటి చుక్కలు మర్చిపోతుంది. నా చెల్లెలి పెళ్లిరోజుకి ఫోన్ చెయ్యదు. నా తెల్లచొక్కా ఇస్త్రీకి ఇవ్వదు. నేను తాళాలు ఎక్కడ పెట్టానో అడిగితే చెప్పలేదు.

డ్రాయింగు చూసే కళ్లతో మళ్లీ చదివింది. పద్నాలుగు ఉదాహరణలు. ఒక్కటి కూడా ఆమె పని కాదు.

బయటికొచ్చాక ఒక చీటీ రాసింది, డ్రాయింగు మీద రాసే నిటారు అక్షరాలతో. కింద సంతకం పెట్టింది. ఆ వారమంతటికీ ఆమె సంతకం పడిన కాగితం అదొక్కటే.

'నా భర్త స్టీఫెన్‌కు తన మాత్రలు, తన తాళాలు, తన చొక్కా, తన తల్లి కంటి చుక్కలు, తన చెల్లెలి పెళ్లిరోజు పెళ్లయిన నాటి నుండి గుర్తుండుట లేదు. ప్రభువు ఆయనను ముట్టి జ్ఞాపకశక్తి దయచేయునట్లు ప్రార్థించండి. ఇట్లు, క్రిస్టినా.'

ఆదివారం అయ్యగారు డబ్బా తెరిచారు. ఒకరికి షుగర్. ఒకరికి ఇల్లు అమ్ముడుపోవాలి. మూడోది విప్పారు. పైకి చదవకుండా లోపలే చదువుకున్నారు. మగవాళ్ల వైపు స్టీఫెన్‌ని ఒకసారి చూశారు. చీటీని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దోపుకున్నారు. మిగతావి గబగబా చదివేశారు.

"తలలు వంచి కళ్లు మూసుకుందాం."

రెండొందల తలలు వంగాయి. ఆదెమ్మ కోడలి మొహం చూసింది. ఏదో అర్థమై, లేవబోతున్న ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూర్చో తల్లీ. నీకు దణ్ణం పెడతా, కూర్చో."

క్రిస్టినా చెయ్యి విడిపించుకుని లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక చీటీ మర్చిపోయారు."