కారు ఎత్తు పెంచాక

ఢిల్లీ పక్కనున్న వైశాలిలో సుహాస్ ఉండే అపార్ట్‌మెంటుకు బేస్‌మెంటులో పార్కింగ్. అక్కడి నుంచి పైకి వచ్చే ర్యాంపు చివర, వాననీళ్లు లోపలికి దిగకుండా సిమెంటు గట్టు కట్టారు. మిగతా కార్లన్నీ దాన్ని మామూలుగానే దాటిపోయేవి. మైథిలి కారు మాత్రం ప్రతిసారీ అడుగు గీసుకుంటూ, రేకుల పెట్టెను రాళ్ల మీద ఈడ్చినట్టు చప్పుడు చేస్తూ దాటేది.

మైథిలి సుహాస్‌కు అక్క. సెంట్రల్ గవర్నమెంటులో ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి తన దగ్గరే, ఢిల్లీలోని ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉంచుకుని చదివించింది. వయసు మీదపడ్డాక డ్రైవింగు నేర్చుకుని ఇష్టంగా కొనుక్కున్న కారు అది. అప్పటికే నేలకు దగ్గరగా ఉండే రకం. ఏళ్లు గడిచేకొద్దీ స్ప్రింగులు కుంగి ఇంకా కిందికి దిగింది.

ఒకసారి వచ్చిన క్యాన్సర్ తగ్గిందనుకున్న కొన్నేళ్లకు ఆమెకు నడుం నొప్పి మొదలైంది. వెన్నెముకలోకి పాకిందన్నారు డాక్టర్లు. సుహాస్, అతని భార్య వీణ వెళ్లి ఆమెను వైశాలికి తెచ్చుకున్నారు. ఆమెతో పాటు కారూ వచ్చింది. నోయిడా ఆఫీసుకు సుహాస్ మెట్రోలో వెళ్లేవాడు కాబట్టి వాళ్లకు అంతవరకూ కారు లేదు. ఇప్పుడు రేడియేషన్ కోసం ఆదివారాలు తప్ప రోజూ ఢిల్లీలోని ఆసుపత్రికి వెళ్లాలి. పొద్దున ఆమెను తీసుకెళ్లి, ఇంట్లో దింపి, మధ్యాహ్నం నుంచి ఆఫీసు పని చేసుకునేవాడు.

గట్టు దగ్గర కారు గీసుకున్నప్పుడల్లా వెనక సీట్లో మైథిలి కళ్లు గట్టిగా మూసుకునేది.

"నొప్పి చేసిందా అక్కా?"

"నాకేం లేదురా. దాని ఒళ్లే హూనమవుతోంది."

మార్చిలో ఒకరోజు అకాల వర్షం పడింది. ఆసుపత్రికి వెళుతుంటే రోడ్డు మీద నిలిచిన నీళ్లలో గుంత కనబడలేదు. కారు ముందుభాగం దబ్బున దిగి దేనికో కొట్టుకుంది. కాస్త దూరం పోయాక స్టీరింగు వెనక మీటర్ల దగ్గర ఎర్రలైటు వెలిగింది. పక్కకు ఆపి వంగి చూస్తే ఇంజిన్ కింద నుంచి నల్లటి ఆయిలు ధారగా కారుతోంది. ఆటో దొరికేసరికి చాలాసేపు పట్టింది. ఆసుపత్రికి చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది. రేపు రమ్మన్నారు.

తిరిగి ఆటోలో వస్తున్నంతసేపూ మైథిలి తమ్ముడి మోచెయ్యి వదల్లేదు. ఆమె గోళ్లు దిగిన గుర్తులు అతను ఇంటికొచ్చాక చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే కారును సాహిబాబాద్ వైపు ఉన్న ఒక షెడ్డుకు లాగించుకుపోయాడు. మెకానిక్ పేరు ఫిరోజ్. కారును లిఫ్టు మీద పైకెత్తి, లైటు వేసి చూపించాడు. సుహాస్ ఆ కారు అడుగుభాగం చూడటం అదే మొదటిసారి. సైలెన్సర్ గొట్టం ఒకచోట రొట్టెలా అణిగిపోయింది. కింద ఉండాల్సిన ప్లాస్టిక్ కవరు సగం ఊడి వేలాడుతోంది. పక్క అంచు వంగి తుప్పు పట్టింది. ఇంజిన్ ఆయిలుండే రేకుతొట్టి పగిలింది.

"ఛాంబర్ ఫట్ గయా, భయ్యా. కొత్తది వేస్తా. గొట్టం కోసి అతుకు పెడతా. కానీ బండి ఇంత కిందికుంటే మళ్లీ తగుల్తుంది," అన్నాడు ఫిరోజ్.

"ఎత్తు పెంచొచ్చా?"

"కొత్త స్ప్రింగులు వేయాలి. పాత మోడల్ కదా, తెప్పించడానికి టైం పడుతుంది. లేదంటే స్ప్రింగు చుట్ల మధ్య గట్టి రబ్బరు దిమ్మలు పెడతా. రేపు పొద్దునకల్లా బండి లేచి నిలబడుతుంది. కాకపోతే మెత్తదనం పోయి కొంచెం గట్టిగా నడుస్తుంది."

"పర్లేదు. రేపు ఆసుపత్రికి పోవాలి. దిమ్మలే పెట్టెయ్."

ఫిరోజ్ చెప్పిన చివరి మాట సుహాస్ చెవిన పడింది. కానీ అప్పుడు అతని బుర్రలో ఉన్నదంతా ఒకటే. ఇక దారిలో ఆగిపోకూడదు.

మర్నాడు కారు గట్టును చప్పుడు లేకుండా దాటింది. సుహాస్ అద్దంలోంచి వెనక్కి చూసి నవ్వాడు.

"చూశావా అక్కా, తగల్లేదు."

"బావుందిరా," అంది మైథిలి. "మంచి పని చేశావు."

ఆ వారమంతా అతను ఆఫీసులో కూడా ఆ సంగతి చెప్పుకున్నాడు. స్పీడు బ్రేకర్లకు భయం లేకపోవడంతో కొంచెం వేగం కూడా పెంచాడు. అక్క రోగానికి తను చేయగలిగింది ఏమీ లేదు. ఈ ఒక్కటీ మాత్రం చేయగలిగాడు. అందుకే అంత సంబరం.

మైథిలి మొదట నడుం కింద ఒక దిండు అడిగింది. తర్వాత రెండోది. తర్వాత, "నెమ్మదిగా పోరా, తొందరేముంది," అనడం మొదలుపెట్టింది. ఇంటికి రాగానే పడుకుంటే సాయంత్రం దాకా లేవడం లేదు. అన్నం ముట్టడం లేదు. రేడియేషన్ వల్ల నీరసమని సుహాస్ అనుకున్నాడు. డాక్టరూ అలాగే అన్నాడు.

ఒక పొద్దున అతను తాళాలు తీసుకుని వచ్చేసరికి ఆమె మంచం మీదే ఉంది.

"ఇవాళ వద్దురా. మానేద్దాం."

"ఒంట్లో బాలేదా?"

"అది కాదు. ఇంక చాలు. ఇంట్లోనే ఉంటాను."

సుహాస్‌కు కోపం వచ్చింది. రాత్రులు నిద్రలేదు, ఆఫీసులో మాటలు పడుతున్నాడు, అన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"మేమందరం నీకోసం ఇంత చేస్తుంటే నువ్వే చేతులెత్తేస్తే ఎలా? నాకు చిన్నప్పుడు ఎన్ని చెప్పావు, భయపడకూడదని, మధ్యలో వదిలెయ్యకూడదని. ఇదేనా నువ్వు చేసేది?"

మైథిలి మంచం అంచు పట్టుకుని పక్కకు ఒత్తిగిలింది. "చెప్పులందుకో," అంది.

ఆరోజు ఆమె కూర్చోలేని స్థితిలో ఉంది. పట్టుకోవడానికి ఒకరు కావాలి. వీణ తను పనిచేసే బ్యాంకుకు సెలవు చెప్పి స్టీరింగు దగ్గర కూర్చుంది. సుహాస్ వెనక సీట్లో అక్క పక్కన కూర్చున్నాడు.

వెనక సీట్లో కూర్చోవడం, కారు ఎత్తు పెంచాక, అతనికి అదే మొదలు. సందు మలుపులో చిన్న రాయి మీదికి చక్రం ఎక్కగానే ఆ దెబ్బ నేరుగా అతని నడుంలో దిగింది. ఫ్లైఓవర్ మీద అతుకు వచ్చిన ప్రతిచోటా చెక్కబల్ల కింద సుత్తితో కొట్టినట్టుంది. తనకే ఇలా ఉందంటే? పక్కకు తిరిగి చూశాడు. మైథిలి చున్నీ కొస నోట్లో కుక్కుకుని ఉంది. తలుపు పిడిని పట్టుకున్న చెయ్యి తెల్లగా పాలిపోయింది. ఎక్కడ కుదుపు వస్తుందో ముందే తెలిసినట్టు, అక్కడికి రాకముందే ఆమె ఊపిరి బిగబట్టుకుంటోంది.

"వీణా, ఆపు," అన్నాడు. కారు పక్కన ఆగింది.

"రోజూ ఇలాగే ఉందా అక్కా?"

ఆమె చున్నీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "ముందయితే మెత్తగా ఉండేది."

"మరి చెప్పలేదేం?"

"అంత మురిసిపోయావు కదరా. ఏమని చెప్పను."

వీణ ముందుకు తిరిగి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. మిగతా దారంతా ఆమె కారును నడిపించినట్టు కాదు, చేత్తో పట్టుకుని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లింది.

మధ్యాహ్నం సుహాస్ షెడ్డుకు వెళ్లి, ముందు ఆ దిమ్మలు పీకెయ్యమన్నాడు. కొత్త స్ప్రింగులకు ఆర్డరివ్వమన్నాడు.

"ఈ బండికి ఇంకెన్నాళ్లుందని, భయ్యా? ఢిల్లీలో పాత బళ్లను తిరగనివ్వరు కదా," అన్నాడు ఫిరోజ్.

"తెప్పించు."

స్ప్రింగులు వచ్చేలోపు కారు మళ్లీ గట్టుకు గీసుకుంటూ వెళ్లింది. మైథిలిని చక్రాల కుర్చీలో ర్యాంపు పైకి తోసుకొచ్చి, కారు గట్టు దాటాక అక్కడ ఎక్కించుకునేవాళ్లు. ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు. క్షమించమని అడగాలని సుహాస్ చాలాసార్లు అనుకున్నాడు. అడిగితే ఆమె తననే ఓదార్చాల్సి వస్తుందని ఊరుకున్నాడు.

ఏప్రిల్లో స్ప్రింగులు వచ్చాయి. కారు తన మొదటి ఎత్తుకు లేచింది. గట్టు తగల్లేదు, కుదుపూ లేదు. అదే వారంలో స్కాన్ రిపోర్టు కూడా వచ్చింది. కాలేయంలోనూ కనిపిస్తోందని, ఇకపై మందులు నొప్పికి మాత్రమేనని డాక్టరు చెప్పాడు. మైథిలి అతనికి థాంక్స్ చెప్పి లేచింది.

తిరుగుదారిలో ఇద్దరే ఉన్నారు. యమునా వంతెన దాటాక సుహాస్ అద్దంలో చూస్తే ఆమె నిద్రపోతోంది. తల పక్కకు వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆ కారులో ఆమె నిద్రపోవడం అతను ఎన్నడూ చూడలేదు. వైశాలి మలుపు వచ్చింది. అతను తిప్పలేదు. హాపుడ్ వైపు హైవే మీద అలాగే పోనిచ్చాడు. గోధుమ కోసిన పొలాలు, ఇటుక బట్టీలు, సగం కట్టి వదిలేసిన టవర్లు దాటిపోయాయి.

ఎండ ముఖం మీద పడి ఆమె లేచింది.

"ఎక్కడున్నాంరా?"

"దారి తప్పానక్కా."

ఆమె కాసేపు కిటికీలోంచి చూసింది. "సరేలే. కాస్త దూరం పోనీ," అని మళ్లీ కళ్లు మూసుకుంది.

అదే ఆమె కారులో చేసిన చివరి ప్రయాణం. తర్వాత మంచం దిగలేదు. మే నెల చివర, ఎండలు మండిపోతున్నప్పుడు, వీణ తడిగుడ్డతో పెదాలు తుడుస్తుండగా పోయింది.

కర్మకాండలయ్యాక వీణ బ్యాంకుకు ఆ కారులో వెళ్లడం మొదలుపెట్టింది. మెట్రో స్టేషన్ దగ్గర దింపుతాను రమ్మని భర్తను పిలిచేది.

"నువ్వెళ్లు. నేను నడుస్తా," అనేవాడు సుహాస్.

కొన్నాళ్లకు ఆమె పిలవడం మానేసింది.