తోడేలు సూర్యుణ్ణి మింగిన శనివారం

పిచ్చయ్యకు కోపం వస్తే ఊరందరికీ తెలుస్తుంది. ఆ కోపం ఎప్పుడు పోతుందో మాత్రం ఆయనకే తెలియదు. అన్న వెంకటప్పయ్యతో మాటలు మానేసి నాలుగేళ్ళు దాటింది. గొడవ ఆస్తిది కాదు, పొలం గట్టుది అంతకన్నా కాదు. అన్న కూతురి పెళ్ళిలో ఆయన మొదటి పంక్తిలో కూర్చోబోతుంటే, "నువ్వు తర్వాత కూర్చో" అని అన్న వియ్యాలవారి ముందు కాస్త గట్టిగా అన్నాడు. ఆడపెళ్ళివారు ఆఖరున తినాలని పిచ్చయ్యకు తెలియక కాదు. అయినా విస్తరి ముందు నుంచి లేచి, చెప్పులు కూడా వెతుక్కోకుండా ఇంటికొచ్చేశాడు.

పెనుబల్లికి అవతల, అడవి మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. వాళ్ళ నాన్న కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొగాకు వేశాడు. అన్నదమ్ములు అన్నీ పంచుకోగా, ఆకు కాల్చే బ్యారన్ ఒక్కటే పొత్తులో మిగిలింది. రెండంతస్తుల ఎత్తున నాలుగు మట్టిగోడలు, తూర్పున ఒక పొయ్యి, పడమట ఒక పొయ్యి. ఓ వారం అన్న ఆకు, ఓ వారం తమ్ముడి ఆకు. కబురేదైనా ఉంటే, మంట చూసే హరిలాల్ అటూ ఇటూ మోసేవాడు. హరిలాల్ లేనప్పుడు గేదె ఉండేది.

"ఏమే, రేపటికి బ్యారన్ ఖాళీ అవుద్దా?" అని పిచ్చయ్య గేదెను అడిగేవాడు.

"ఎల్లుండిదాకా కాదు" అని గోడ అవతల నుంచి వెంకటప్పయ్య తన ఎద్దుకు చెప్పేవాడు.

ఈ పద్ధతిలో నాలుగేళ్ళుగా ఒక్క ఆకు కూడా పాడవలేదు. మాట్లాడుకునే అన్నదమ్ముల మధ్య కూడా ఇంత సవ్యంగా పనులు జరగవు.

అది ఎనభయ్యో సంవత్సరం, ఫిబ్రవరి. శనివారం మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లా మీదుగానే పోతుందని రేడియో ఒకటే ఊదరగొడుతోంది. బుధవారం పొద్దున పున్నమ్మ టీకొట్టు దగ్గర బడిపంతులు వెంకటనారాయణ ఒక వారపత్రిక విప్పాడు.

"ఉత్తరాన నార్వే అని మంచుదేశం ఉంది. లోకం ఎట్లా అంతమవుతుందో వాళ్ళ పాత పురాణంలో రాసుందట. ముందుగా మూడేళ్ళపాటు ఎండాకాలమే రాదట."

"మనకు చలికాలమే సక్కగ రాదు. మనకేం భయం లేదు పో" అంది పున్నమ్మ, టీ వడగడుతూ.

"సముద్రంలోంచి పెద్దపాము లేచి విషం కక్కుతుందట."

"సముద్రం యాడ, మనం యాడ! కొత్తగూడెం దాకా వచ్చినా అక్కడికెంచి మనూరికి బస్సు దొరకాలె గద" అన్నాడు హరిలాల్.

"తోడేలొకటి సూర్యుణ్ణి తరిమి తరిమి మింగేస్తుందట. అదే మనకు రాహువు. చూశారా, ఏ దేశమైనా కథలు ఇట్లాగే ఉంటాయి" అని పంతులు అసలు పాఠంలోకి దిగబోయాడు.

హరిలాల్ భార్య లాలి మేకలు కాస్తుంది. తోడేళ్ళ సంగతి తనకు చెప్పేవాళ్ళు లేరు. "మా మేకపిల్లను మింగితెనే అరగక రెండ్రోజులు వాగు పక్కన పంటది. సూర్యుణ్ణి మింగితె మూతి కాలదా? జల్దీ కక్కుతది" అంది. పంతులు పత్రిక చూసుకుని, రెండున్నర గంటల్లో కక్కేస్తుందని ఒప్పుకున్నాడు.

తర్వాత పడవ వచ్చింది. చచ్చినవాళ్ళ గోళ్ళన్నీ పోగేసి అక్కడెవరో పెద్ద పడవ కడుతున్నారట. అది పూర్తయితే లోకానికి ఆఖరి యుద్ధమట. అందుకని ఆ దేశంలో గోళ్ళు తీయకుండా పీనుగను సాగనంపరట. పున్నమ్మ తన గోళ్ళ వంక చూసుకుంది. చచ్చేదాకా ఆగడం దేనికి, ఇప్పుడే తీసేస్తే సరిపోతుంది కదా అంది. శుక్రవారం గోళ్ళు తీయకూడదు. శనివారం అసలే కూడదు, పైగా అమావాస్య. ఇక మిగిలింది గురువారం. గురువారం కూడా వద్దనేవాళ్ళున్నారు గానీ, లోకం కోసం ఆమాత్రం సర్దుకోవచ్చని తీర్మానమైంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా కొట్లో బ్లేడ్లు అయిపోయాయి.

ఆ బుధవారమే పంతులు ఆఖరి సూచన కూడా చదివాడు. "అంతానికి ముందు అన్నకు తమ్ముడు, తమ్ముడికి అన్న కాకుండా పోతారట."

అందరి కళ్ళూ మెల్లగా బల్ల చివర టీ తాగుతున్న పిచ్చయ్య మీదికి తిరిగాయి.

"అయితే లోకం మునుగుడు మనూర్నే షురువయింది. నాలుగేండ్లాయె" అంది పున్నమ్మ. హరిలాల్‌తో సహా అంతా విరగబడి నవ్వారు. పిచ్చయ్య సగం టీ వదిలేసి లేచాడు.

ఇంటికెళ్ళి భార్య సుశీలమ్మ మీద ఎగిరాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విని, "ఒక్కసారి పలకరిస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అంది.

"పెద్దోడు ఆయన. ఆయన పలకరించాలి. లోకం మునిగినా సరే, నేను ముందు నోరు తెరవను."

నిజం చెప్పాలంటే ఆయనకు అన్నతో మాట్లాడాలనే ఉంది. నాలుగేళ్ళుగా పొలంలో ఏ మంచి జరిగినా, ఏ చెడు జరిగినా, చెప్పుకోవడానికి గేదె తప్ప మనిషి దొరకలేదు. కానీ ముందుగా మాట్లాడటమంటేనే ప్రాణం మీదికొస్తోంది.

శనివారం మధ్యాహ్నం సుశీలమ్మ పొయ్యి ఆర్పి, పచ్చడి జాడీల మీద దర్భలు వేసి కూర్చుంది. రెండు గంటలప్పుడు హరిలాల్ తువ్వాలు దులుపుకుంటూ వాకిట్లోకొచ్చాడు.

"చినయ్యా, నేను తాండాకు పోతున్న. బ్యారన్ పొయ్యిలకు కట్టె ఎయ్యొద్దన్నది పెద్దమ్మ. గ్రహణంల నిప్పు ఎగదొయ్యరాదంట."

పెద్దమ్మంటే వెంకటప్పయ్య భార్య ఆదెమ్మ. ఈ వారం బ్యారన్‌లో ఉన్నది వాళ్ళ ఆకు.

"ఈనె ఎండిందా?" అన్నాడు పిచ్చయ్య.

"యాడ ఎండింది! నిన్ననే షురువయింది. పాడయితదని చెప్పిన. దేవునికన్న ఆకు ఎక్కువనా అన్నది. పెద్దయ్య ఏమనలే. నేల దిక్కు చూసిండు."

హరిలాల్ వెళ్ళిపోయాడు. పిచ్చయ్య లోపలికీ బయటికీ తిరగడం మొదలుపెట్టాడు. ఆకు పసుపుపచ్చగా మారి ఎండాక, ఆఖరున దాని నడిమి ఈనె ఎండాలి. అప్పుడు వేడి తగ్గిందా, ఈనెలో ఉన్న చెమ్మంతా ఆకులోకి పాకి నల్లగా మచ్చలు దిగుతాయి. అయిదు రోజుల కష్టం రెండున్నర గంటల్లో బుగ్గి. పోతే పోనీ, ఆయన ఆకు, ఆయన పెళ్ళాం మాట అని ఒకసారి అనుకున్నాడు. కానీ మనసు ఒప్పుకోలేదు. తను వెళ్ళి కట్టె వేస్తే, అన్న ఇంటి నిష్ఠ చెరిపినవాడవుతాడు. వేయకపోతే ఆకు పోతుంది. వెళ్ళి అడుగుదామంటే మాటలు లేవు. గేదెతో చెప్పించే సంగతి కాదిది.

"ఎటండీ?" అంది సుశీలమ్మ.

"గేదెకు నీళ్ళు పెట్టొస్తా."

గ్రహణం పూట గొడ్లకు నీళ్ళేమిటని ఆమె అడగలేదు. పెరటి తలుపు గడియ తనే తీసింది.

పడమటి పొయ్యిలో ఇంకా కణకణలాడే నిప్పుంది. పిచ్చయ్య రెండు మొద్దులు తోసి, గోడలోని గాజుపలకలోంచి లోపలి థర్మామీటరు చూశాడు. వేడి నూటనలభై అయిదు డిగ్రీలకు దిగిపోయింది. నూట అరవై ఉండాలి. ఒక్క పొయ్యితో అంత రాదని తెలిసినా కట్టె వేస్తూనే ఉన్నాడు. అరగంటకు చూస్తే నూటయాభై అయిదు! నాన్న నేర్పిన చెయ్యి ఊరికే పోతుందా అని తనను తానే మెచ్చుకున్నాడు. ఆకాశం వంక చూస్తే కళ్ళు పోతాయని రేడియో చెప్పింది కాబట్టి, తల వంచుకునే పనిచేశాడు. పైకి చూసుంటే, బ్యారన్ రెండు పొగగొట్టాల్లోంచీ పొగ రావడం కనిపించేది.

ఎండ పలచబడింది. అడవి వైపు నుంచి చల్లగాలి వీచింది. కాకులు గోలగోలగా గూళ్ళకు పోయాయి, గేదె తనంతట తనే కొట్టం వైపు నడిచింది. ఉన్నట్టుండి దీపం ఆర్పినట్టు చీకటి పడింది. పట్టపగలు చుక్కలు కనిపించాయి.

టీకొట్టు దగ్గర నవ్విన నవ్వులేవీ పిచ్చయ్యకు అప్పుడు తోడు రాలేదు. ఆయనకు భయం వేసింది. తోడేలుకు కాదు, పాముకు కాదు. ఈ వెలుగు మళ్ళీ రాకపోతే అన్న అక్కడెక్కడో, తను ఇక్కడ, మధ్యలో నాలుగేళ్ళ మౌనం అలాగే ఉండిపోతుందని భయం. ఆ భయంలో నోటికి వచ్చింది ఒకటే మాట.

"అన్నా!"

"అరవకు. మీ వదినకు వినపడుద్ది."

ఆ మాట బ్యారన్ తూర్పువైపు నుంచి వచ్చింది.

పిచ్చయ్య గోడ తడుముకుంటూ అటు వెళ్ళాడు. పొయ్యి వెలుగులో వెంకటప్పయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. నుదుట విభూతి, ముక్కు మీద మసి, చేతిలో తుమ్మమొద్దు.

"నువ్వేంది ఇక్కడ?"

"జపం చేసుకుంటానని ఇంట్లో చెప్పి వచ్చా. చేస్తూనే ఉన్నాలే, మధ్యమధ్యలో కట్టె వేస్తున్నా." వెంకటప్పయ్య మొద్దును పొయ్యిలోకి తోశాడు. "నువ్వు మరీ ఎక్కువ వేస్తున్నావ్ అటు. ఆకు మాడుద్దని నేనిటు తగ్గించుకుంటూ కూర్చున్నా."

"నేనొచ్చినట్టు తెలుసా?"

"నీ దగ్గు నాకు తెలవదా?"

పిచ్చయ్యకు చప్పున కోపం వచ్చింది. "తెలిసీ గమ్మునున్నావా? నేను ముందు పిలవాలని చూస్తున్నావా?"

వెంకటప్పయ్య పొయ్యిలో నిప్పును కర్రతో కదిపాడు.

"చీకటి పడంగానే రెండుసార్లు పిలిచా నిన్ను" అన్నాడు. "గొంతు పెగల్లేదు."

పిచ్చయ్య ఏడ్చాడు. పొగ మీదికి నెడదామన్నా వీల్లేదు, ఆ పొయ్యి పొగంతా గొట్టంలోంచి పైకే పోతుంది. అన్న తన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. నాలుగేళ్ళ మాటల్లో ఏది ముందు అందుకోవాలో ఎవరికి తెలుస్తుంది?

అడవి చివరన సన్నగా వెలుగు గీత పడింది. తాండాలో ఒక కోడి, దానికేం తోచిందో, కూసింది. ఎక్కడో పళ్ళెం మోగించారు. లాలి చెప్పినట్టే తోడేలు సూర్యుణ్ణి కక్కేసింది.

"ఇంటికి పోదామా?" అన్నాడు పిచ్చయ్య.

"గ్రహణం పూర్తిగా విడవాలి. అప్పటిదాకా అన్నం లేదు, ఏం లేదు. కూర్చో."

పిచ్చయ్య అన్న పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఎండ మెల్లగా ముదురుతోంది. లోపల వేడి నూట అరవై దగ్గర నిలబడింది. పొద్దుటి నుంచి తినక కడుపు కాలుతోంది. ఇంకో గంటదాకా అన్న అక్కణ్ణుంచి కదలడు. పిచ్చయ్యకు అంతకన్నా ఇంకేమీ అక్కర్లేదనిపించింది.