గిన్నె మీద నాలుగో పేరు

ఆదివారం వస్తే చాలు, నిరంజన్ చొక్కా జేబులో దిక్సూచి పడేసుకుని స్కూటర్ తీసేవాడు. వెనక సూర్యకళ ఎక్కేది. భీమవరం చుట్టుపక్కల అమ్మకానికున్న ఇల్లల్లా చూసి రావడం ఏడాదిగా వాళ్ళకి అలవాటు. తొంభై ఎనిమిదిలో మాట ఇది. నిరంజన్ రొయ్యల మేత కంపెనీలో సేల్స్ చూసేవాడు. పదకొండేళ్ళ కాపురంలో ఏడు అద్దె ఇళ్ళు మారారు, అన్నీ మేడ మీద వాటాలే. ఏ ఇంట్లో ఉన్నా సూర్యకళ పేరు ఒకటే: పైవాటావిడ. ఖాళీ చేసిన రోజున కూడా "పైవాటావిడ వెళ్ళిపోతోంది" అనేవారే గానీ, సూర్యకళ వెళ్ళిపోతోందని ఎవరూ అనలేదు. గోడ అవతల నుంచి ఒక్కరైనా తనని పేరుపెట్టి పిలవాలని ఆమెకి ఎంతో ఉండేది. చిన్న కోరికే. తీరలేదు మరి.

ఇల్లు చూడ్డానికి వెళితే అతను ఈశాన్యం కొలిచేవాడు, ఆమె పక్కింటి పెరట్లోకి తొంగి చూసేది. ఆ రోజుల్లో వాస్తు పిచ్చి ఊరందరికీ ఉండేది, అతన్నొక్కణ్ణీ అనడానికి లేదు.

పాలకొల్లులో గున్నేశ్వరరావు గారి ఇల్లు అమ్ముతున్నారని తెలిసి ఓ ఆదివారం అటు వెళ్ళారు. ఆ వీధిలో గిన్నెలు పేర్లు రాసుకుంటాయి. ఆ సంగతి చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఒకరి గిన్నెలో కూర ఇంకొకరింటికి వెళుతుంది. అందుకున్నావిడ ఇచ్చినావిడకి అయినమనిషైతే, ఆమె పేరు కూడా గిన్నె అంచున పాత పేరు కింద చుక్కలు చుక్కలుగా పడుతుంది. మాటలు మానేస్తే చెరిగిపోతుంది, మళ్ళీ కలిస్తే మళ్ళీ పడుతుంది. పేర్లు కొట్టే గిరాకీ పోయిందని బజార్లో స్టీలు సామాన్ల కొట్టాయన మాత్రం గొణుక్కునేవాడు.

నిరంజన్ దిక్సూచితో లోపలికి వెళ్ళగానే పక్కింటి పాపాయమ్మ పిట్టగోడ మీదుగా పలకరించింది.

"ఏమ్మా, ఎండనపడి వచ్చారు. నీ పేరేంటి?"

ఆ మాట అడిగించుకుని ఎన్నాళ్ళయిందో, సూర్యకళ గబగబా గోడ దగ్గరికి నడిచింది.

"సూర్యకళండి."

"పనసపొట్టు కూర తింటారా? ఇప్పుడే ఆవ పెట్టి దించాను."

"అయ్యో, వద్దండి పిన్నిగారూ."

"వద్దంటే ఎలాగమ్మా? పట్టుకెళ్ళు. గిన్నె తరవాత తెద్దువుగాని."

గిన్నె అంచున మూడు పేర్లున్నాయి. పాపాయమ్మ, సంపూర్ణమ్మ, లోవమ్మ.

"సంపూర్ణమ్మ ఎదురింటావిడ. లోవమ్మ ఈ ఇంటావిడే, గున్నేశ్వరరావు గారి భార్య. పోయి రెండేళ్ళయింది," అంటూ పాపాయమ్మ ఆ చుక్కల్ని వేలితో తడిమింది. "పేరు మాత్రం పోలేదమ్మా."

"ఈశాన్యం రెండడుగులు తగ్గింది, కుదరదు," అన్నాడు నిరంజన్ బయటికొచ్చి. "మొన్న చూసిన కాలనీ ఇల్లే ఖాయం చేద్దాం. గచ్చంతా మార్బులు. ఎవరి గోలా ఉండదు."

నిజమే, గోల లేదు. ఆ కాలనీలో పక్కిల్లెవరిదో చెప్పే దిక్కు కూడా లేదు. సూర్యకళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చుంది. ఒకావిడ నా పేరడిగిందండి, అందుకని ఆ ఇల్లు కొందాం అని మొగుడితో ఎలా చెప్పడం? నవ్విపోడూ!

కాలనీ ఇంటి రిజిస్ట్రేషన్ గురువారమన్నారు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఏం పెట్టివ్వాలో తోచలేదని రోజూ దాన్ని కడిగి బోర్లించేది. అసలు సంగతి అది కాదు. ఇచ్చేస్తే ఇంక ఆ వీధికి వెళ్ళే పనుండదని ఆమె బెంగ.

గురువారం పొద్దున్న నిరంజన్ చేతికందిన ఆ గిన్నెలోనే పెరుగన్నం కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఇదెప్పుడు కొట్టించావు?"

"ఏంటండీ?"

"నీ పేరు."

సూర్యకళ వచ్చి చూసింది. లోవమ్మ కింద తన పేరు. చుక్కలు ఇంకా కొత్తగా, వేలికి గరుగ్గా తగిలాయి.

"నేను కొట్టించలేదండీ."

నిరంజన్ ఆశ్చర్యపోలేదు, ఆ వీధి సంగతి తెలిసినవాడే. కానీ ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి, రెండో చేత్తో అలమరలో గిన్నెలన్నీ తిప్పి తిప్పి చూశాడు.

"మనింట్లో దేని మీదా నీ పేరు లేదేంటి?"

"కొన్ని మీ అమ్మగారివి, కొన్ని మా అమ్మవి. మిగతావి పెళ్ళిలో చదివించినవాళ్ళ పేర్లు. నా పేరెవరు కొట్టిస్తారండీ?"

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాటే అంది. అతను మిగిలిన అన్నం తినేసి, గిన్నె తనే కడిగాడు. పదకొండేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని.

"ఖాళీగా ఇవ్వకూడదుగా, ఏం పెడదాం?" అన్నాడు.

"సున్నుండలున్నాయి."

రిజిస్ట్రేషన్ కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి. స్కూటర్ పాలకొల్లు రోడ్డెక్కింది.

"మరి ఈశాన్యమో?" అంది సూర్యకళ దారిలో, భయం భయంగా.

"పోన్లే, ఆ ఇంట్లో ఉండేది మనం కదా," అన్నాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేసరికి పాపాయమ్మ దండెం మీద బట్టలారేస్తోంది. స్కూటర్ ఆగడం చూసి నాలుగిళ్ళకీ వినపడేలా కేకేసింది.

"సూర్యకళా! వచ్చావా?"

సూర్యకళకి వినపడింది. ఇంకొక్కసారి పిలుస్తుందేమోనని పలక్కుండా నిలబడింది.